దయ్యాల నారింజను మన చీనీ తోటకు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగరీత్యా రెండేళ్ళుగా మేఘాలయలోని తురా పట్టణంలో ఉంటున్నాం. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు గారో తెగకు చెందిన పెద్దావిడ. ఈమధ్య ఆవిడ నొక్రెక్ కొండ పక్కనున్న తమవాళ్ళ ఊరికి వెళ్ళి, పెరటి చెట్టు నుంచి కోసిన చిన్న చిన్న ఎర్రని పండ్లు కొన్ని తెచ్చి ఇచ్చారు. వాటిని మెమాంగ్ నారాంగ్ అంటారట, అంటే దయ్యాల నారింజ అని అర్థమట. కామెర్లకు, కడుపు నొప్పికి తమ పెద్దలు ఇదే వాడేవారని కూడా చెప్పారు. అది అంతరించిపోతున్న జాతి అని తెలిశాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళో మా తమ్ముడికి నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. వచ్చే సెలవుల్లో రెండు మొక్కలు తీసుకెళ్ళి ఆ తోట గట్టున నాటితే జాతిని కాపాడినట్టూ అవుతుంది, మందు చెట్టు ఇంట్లో ఉన్నట్టూ అవుతుంది కదా? ఇప్పటికే రెండు పండ్లు కోసి గింజలు కడిగి పేపరు మీద ఆరబెట్టాను. మా తమ్ముడి కొడుకుకు పోయిన వారం పచ్చకామెర్లు వచ్చాయి, ఊళ్ళో పసరు పోయిస్తున్నారు, ఈ పండ్లు కొరియర్లో పంపమని అడుగుతున్నారు. దయ్యాల పేరున్న చెట్టు ఇంటికి మంచిది కాదని నా భార్య భయపడుతోంది. ఏం చేయమంటారు? (పేరు ప్రచురించవద్దు.)

సమాధానం: తోట సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు పిల్లవాడి సంగతి. ఈ పండ్లు కొరియర్లో పంపకండి. మీ తమ్ముడికి ఈ రోజే ఫోను చేసి, పసరు ఆపించి, పిల్లవాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పండి. కామెర్లు ఒక జబ్బు పేరు కాదు, కాలేయంలో గానీ రక్తంలో గానీ పిత్తవాహికలో గానీ ఏదో తేడా వచ్చిందని శరీరం చూపించే గుర్తు. కారణం ఏమిటో రక్తపరీక్ష చేస్తే తప్ప తేలదు. పిల్లల్లో ఎక్కువగా కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ ఉంటుంది, అది చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గిపోతుంది. పసరుకైనా, గారో కొండల్లో ఈ పండుకైనా, మరే ఊళ్ళో మరే ఆకుకైనా కామెర్ల మందుగా పేరు రావడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. తగ్గబోయే జబ్బుకు ఏది ఇచ్చినా పేరు దానికే వస్తుంది. తగ్గని జబ్బు ఉన్న ఒక్క పిల్లవాడి విషయంలో మాత్రం ఆ వారం పది రోజుల ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లవాడికి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, వాంతులు ఆగకపోయినా, ముక్కు నుంచో చిగుళ్ళ నుంచో రక్తం కారుతున్నా రేపటిదాకా కూడా ఆగకూడదు.

ఇక పండు విషయానికి వస్తాను. మీ చేతిలో ఉన్నది నిజంగా మెమాంగ్ నారాంగ్ అయితే, దాని శాస్త్రీయ నామం సిట్రస్ ఇండికా. జపాన్ వృక్షశాస్త్రవేత్త టనాకా దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. సిట్రస్ అంటే నిమ్మ, నారింజల వర్గం. ఆ జాతులను లెక్కపెట్టడంలో శాస్త్రజ్ఞులకు ఎంత పేచీ ఉందో తెలిస్తే మీకు నవ్వు వస్తుంది. అమెరికాకు చెందిన స్వింగిల్ మొత్తం 16 జాతులే అంటే, టనాకా చివరికి 162 దాకా లెక్క తేల్చాడు. ఒకరు జాతి అన్నదాన్ని మరొకరు సంకరమని కొట్టిపారేసిన ఆ తగవులో కూడా ఈ చిన్న పండు ఇద్దరి జాబితాల్లోనూ నిలబడింది. స్వింగిల్ ఒప్పుకున్న ఆ పదహారింటిలో ఇదొకటి.

చెట్టు పెద్దగా ఎదగదు, ముళ్ళతో గుబురుగా పొదలాగా పెరుగుతుంది. పండు మన కమలాపండులో సగం కూడా ఉండదు, పలచని నున్నటి తొక్కతో, పండినప్పుడు నారింజ రంగు దాటి ఎరుపులోకి తిరుగుతుంది. లోపల గుజ్జు తక్కువ, గింజలు పండు సైజుకు పెద్దవి, పులుపు చాలా గట్టిది. ఈ పోలికలు మీ దగ్గరున్న పండ్లకు సరిపోయాయో లేదో చూసుకోండి. ఈశాన్యంలో అడవి నిమ్మజాతులు చాలా ఉన్నాయి, పేర్లు కూడా ఊరికో రకంగా ఉంటాయి. ఉదాహరణకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్, అస్సాంలోని బరాక్ లోయ ప్రాంతాల్లో మాంసం కూరల్లో వేసే హత్కొరా అనే పండు కూడా అడవిజాతే, కానీ దాని ఆకు చూస్తే చాలు పోల్చుకోవచ్చు. ఆకు కాడకు రెండు పక్కలా ఉండే రెక్క దాదాపు ఆకంత వెడల్పు ఉండి, రెండాకులు ఒకదాని తర్వాత ఒకటి అతికించినట్టు కనిపిస్తుంది.

ఈ పండును అన్ని నారింజలకూ తల్లి అని మీరు ఎక్కడైనా చదివి ఉంటే, ఆ మాటను కొంచెం దూరంగానే ఉంచండి. సిట్రస్ జన్యుపటాలను పోల్చి 2018లో వచ్చిన పెద్ద అధ్యయనం ఈ వంశం పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయపు పాదప్రాంతమని, అంటే తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, చైనాలోని పశ్చిమ యునాన్ కలిసే చోటని చెప్పింది. మనం తినే నారింజలు, నిమ్మలు చాలావరకు పంపరపనస, మాదీఫలం, కమలా అనే మూడు మూలజాతుల మధ్య జరిగిన సంకరాల వల్ల వచ్చినవే. మీరున్న కొండలు ఆ పుట్టింటికి చాలా దూరమేమీ కాదు, కాబట్టి ఈ పండు ఆ పాత కుటుంబంలో దగ్గరి చుట్టమే. కానీ అందరికీ తల్లి అనిపించుకోకపోయినంత మాత్రాన దాని విలువ తగ్గదు. వేల ఏళ్ళుగా మనిషి తీపి కోసం, రసం కోసం ఏరుకుంటూ వచ్చిన తోట రకాల్లో లేని గుణాలు, తెగుళ్ళను తట్టుకునే శక్తి లాంటివి, ఇలాంటి అడవిజాతుల్లో మిగిలి ఉండే అవకాశం ఉంది. శాస్త్రజ్ఞుల ఆసక్తి అక్కడ.

మీ శ్రీమతి భయం గురించి మీరు కొంచెం నవ్వుతూ రాసినట్టు అనిపించింది. నవ్వవలసిన విషయం కాదు. ఆమె అడిగినదే మీ ఉత్తరంలో అన్నిటికంటే లోతైన ప్రశ్న. గారో భాషలో మెమాంగ్ అంటే దయ్యం, చనిపోయినవారి ఆత్మ. నారాంగ్ అన్నది మన నారింజే, సంస్కృతంలో నారంగమై, పారశీకం, అరబ్బీల మీదుగా స్పెయిన్ దాకా వెళ్ళి నరాంహా అయిన మాట అది. ఈ పండుకు ఆ పేరు రావడానికి కారణం దానిలో దయ్యం ఉందని కాదు. గారో తెగలోని పాత సంప్రదాయంలో మనిషి చనిపోయినప్పుడు ఈ పండ్లను దేహం మీద ఉంచుతారు. అక్కడ తిరుగాడే ఆత్మలు ఆ పండు ఉన్నచోటికి రావని, శవానికీ ఇంట్లో మిగిలినవారికీ కీడు చేయవని వారి నమ్మకం. మశూచి సోకినవారికి కూడా ఈ పండును వాడేవారు.

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూడండి. కొత్త బండి కొంటే చక్రం కింద పెట్టేది నిమ్మకాయ. దుకాణం గుమ్మానికి మిరపకాయలతో కలిపి వేలాడదీసేది నిమ్మకాయ. పసిపిల్లలకు దిష్టి తీసి నాలుగు దారుల కూడలిలో పారేసేది నిమ్మకాయ. అమ్మవారి మెడలో దండ వేసేదీ, జాతరలో పోలేరమ్మ ముందు కోసేదీ అదే. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందని చెప్పి వేపమండలు పరిచి పడుకోబెట్టిన తరం మన ఇళ్ళలో ఇంకా ఉంది. కీడును అడ్డుకునే వస్తువును మనం కీడు అనుకోం. గారోల దయ్యాల నారింజ కూడా అంతే, దయ్యాన్ని తెచ్చేది కాదు, తరిమేది. ఆ మాట మీ శ్రీమతికి మీరు చెప్పడం కంటే మీ ఇంటి యజమానురాలి నోటనే వినిపించండి. ఒక పెద్దావిడ తమ ఇంట్లో చావు జరిగినప్పుడు ఏం చేసేవారో కూర్చుని చెబితే, అది నా నాలుగు పేరాల కంటే బాగా అర్థమవుతుంది.

అయితే ఈ నమ్మకానికీ ఈ చెట్టు బతుకుకూ ఉన్న సంబంధమే నేను మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఇంత పులుపున్న, ఇంత తక్కువ గుజ్జున్న పండును సంతలో ఎవరూ ఎగబడి కొనరు. అయినా దాన్ని పెరట్లో ఉంచుకున్నారంటే చావుకూ జబ్బుకూ అది అవసరం కాబట్టే ఉంచుకున్నారు. ఇవాళ గారోల్లో అత్యధికులు క్రైస్తవులు. సొంగ్సారెక్ అనే పాత మతాన్ని పాటించేవారు కొద్దిమందే మిగిలారు, పాత అంత్యక్రియలు తగ్గిపోయాయి. మశూచి అన్నది 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కామెర్లకు ఆసుపత్రి ఉంది, ఉండాలి కూడా. ఇందులో ఏ ఒక్క మార్పునూ నేను తప్పు పట్టడం లేదు. కానీ ఒక్కొక్క అవసరం తీరిపోయినప్పుడల్లా ఆ చెట్టును నరకకుండా ఆపే చెయ్యి ఒకటి తగ్గింది. అడవి తరిగిపోవడం గురించి అందరూ రాస్తారు. పెరట్లో ఉన్న చెట్టును ఎందుకు ఉంచుకోవాలన్న కారణం తరిగిపోవడం గురించి ఎవరూ రాయరు.

అడవి సంగతి కూడా చెప్పాలి, అది చిన్న విషయమేమీ కాదు. నొక్రెక్ గారో కొండల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1,412 మీటర్లు. సిమ్సాంగ్ నది ఆ కొండల్లోనే పుట్టి, బంగ్లాదేశ్‌లోకి వెళ్ళి సోమేశ్వరి అనిపించుకుంటుంది. ఈ పండు కోసం, దీని తోబుట్టువుల కోసం అక్కడ జాతీయ సిట్రస్ జన్యు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. 1988లో 820 చదరపు కిలోమీటర్ల మేర జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు, దాని నడిబొడ్డున దాదాపు 47 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనం ఉంది, 2009లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చుకుంది. చుట్టూ ఉన్న భూమి మాత్రం చాలావరకు ప్రభుత్వానిది కాదు. దాన్ని ఆకింగ్ భూమి అంటారు, అది వంశం ఉమ్మడి ఆస్తి, తల్లి నుంచి కూతురికి వస్తుంది, నొక్మా అనే పెద్ద దాని వ్యవహారం చూస్తాడు. ఆ భూముల్లో కొండపోడు చేస్తారు, వారు దాన్ని ఝూమ్ అంటారు. ఒకప్పుడు ఒక వాలును నరికి కాల్చి ఒకటి రెండు పంటలు తీసుకుని పదిహేను ఇరవై ఏళ్ళు వదిలేసేవారు, ఆలోగా అడవి మళ్ళీ లేచేది. జనం పెరిగి భూమి చాలక ఆ విరామం ఇప్పుడు చాలాచోట్ల నాలుగైదేళ్ళకు కుదించుకుపోయింది, మరికొన్ని చోట్ల పోడు స్థానంలో రబ్బరు, జీడిమామిడి, పోక, కమలా తోటలు శాశ్వతంగా వచ్చేశాయి. నెమ్మదిగా పెరిగే ఒక పొద, నాలుగేళ్ళకోసారి మంట వచ్చే వాలు మీద గింజ వేసే వయసుకు చేరడం కష్టం.

కమలా తోటల మాట ఇంకోటి ఉంది. సిట్రస్ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి. అడవిజాతి పక్కన తోటజాతి పూస్తే, తేనెటీగ ఏ చెట్టు పుప్పొడి ఏ చెట్టుకు మోస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ దగ్గరున్న పండ్లు పెరటి చెట్టువి, చుట్టుపక్కల నిమ్మ, కమలా చెట్లు ఉండే ఉంటాయి. వాటి గింజ నుంచి లేచే మొక్క తల్లి లాంటిదే అవుతుందన్న హామీ లేదు. మీ తమ్ముడి నాలుగెకరాల చీనీ మధ్య ఇది ఒంటరిగా పూసి కాస్తే, ఆ కాయ గింజలకు ఆ పాటి హామీ కూడా మిగలదు.

ఇప్పుడు మొక్క తేవడం గురించి. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాతికేళ్ళ కిందట నేను ఉత్తరాదిలో ఒక నర్సరీ నుంచి ముచ్చటపడి పన్నెండు కమలా అంటుమొక్కలు రైల్లో తెచ్చి మా బత్తాయి తోట అంచున నాటాను. మూడో ఏడు వాటి ఆకులు పచ్చబడటం మొదలైంది. జింకు లోపమనుకుని రెండుసార్లు జింకు సల్ఫేటు పిచికారీ చేశాను. లోపం ఉన్న ఆకులో పసుపు ఈనెకు ఇరుపక్కలా ఒకే తీరుగా అద్దంలో చూసినట్టు ఉంటుంది. నా ఆకుల్లో ఎడమ పక్కన ఉన్న మచ్చ కుడి పక్కన లేదు, కుడి పక్కన ఉన్నది ఎడమ పక్కన లేదు, ఈనెలు దళసరిగా ఉబ్బి ఉన్నాయి. కాయ కోస్తే నడిమి పీచు వంకరగా ఉంది, కాయ ఒక పక్కకు ఒరిగి, కింది భాగం పచ్చగానే ఉండిపోయింది. అది గ్రీనింగ్ తెగులు అని ఒక పరిశోధన కేంద్రంలో చెప్పేసరికి పక్కనున్న బత్తాయి చెట్లకు కూడా అంటుకుంది. దానికి మందు లేదు. నలభై చెట్లు వేళ్ళతో సహా తీయించి కాల్పించాను. నర్సరీవారిని తిట్టి లాభం లేదు, పరీక్ష చేయించకుండా తెచ్చింది నేను.

గ్రీనింగ్ అన్నది బాక్టీరియా వల్ల వచ్చేది. అంటుకట్టిన పుల్లతోనూ, సిల్లా అనే చిన్న పురుగుతోనూ చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో అది 2005లో కనిపించింది, ఇరవై ఏళ్ళు తిరిగేలోగా అక్కడి నారింజ దిగుబడి పూర్వపు దానిలో పదో వంతు కంటే కిందికి పడిపోయింది. తుపానులు కూడా దెబ్బ తీశాయి, కానీ ప్రధాన కారణం ఇదే. ఈశాన్య రాష్ట్రాల తోటల్లో గ్రీనింగ్, పేనుబంకతో వ్యాపించే ట్రిస్టెజా వైరస్ రెండూ ఉన్నాయి. మొక్క చూడటానికి పచ్చగా ఉన్నా లోపల తెగులు ఉండవచ్చు. మీ తమ్ముడు బోరు ఎండిన ఏడు ట్యాంకర్లతో నీళ్ళు పోసి ఆ చీనీ చెట్లను బతికించుకుని ఉంటాడు, అనంతపురంలో ఆ కష్టం పడని చీనీ రైతు అరుదు. ఆ చెట్ల పక్కకు పరీక్ష చేయని మొక్కను తేవడం నా దృష్టిలో సాహసం కాదు, అజాగ్రత్త.

గింజతో ఆ ప్రమాదం చాలా తక్కువని మీరు అనవచ్చు, నిజమే. కానీ వాతావరణం సంగతి ఆలోచించండి. మీరున్న కొండల్లో ఏటా మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన కురుస్తుంది, అడవి నీడ ఉంటుంది, గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్లు దాటితే మంచి ఏడు అంటాం. బిందుసేద్యం పెట్టి, నీడవల కట్టి ఒక మొక్కను బతికించవచ్చు. కానీ ఒక్క చెట్టు, లేదా ఒకే పండులోంచి వచ్చిన రెండు చెట్లు, ఒక జాతిని కాపాడినట్టు కాదు. జాతి బతకాలంటే రకరకాల తల్లుల నుంచి వచ్చిన చాలా చెట్లు ఒకచోట పూసి కాయాలి, వాటిని గుర్తుపట్టి వాడుకునే మనుషులు పక్కన ఉండాలి. ఆ రెండోది మీ ఊళ్ళో దొరకదు. అక్కడ అది పేరు తెలియని ఒక పుల్ల నిమ్మ అవుతుంది, పదేళ్ళకు ఎవరో గట్టు చదును చేస్తూ కొట్టేస్తారు.

చట్టం కూడా ఉంది. జాతీయ ఉద్యానవనం హద్దుల్లోంచి అనుమతి లేకుండా మొక్క గానీ కొమ్మ గానీ పీకడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నొక్మా సరేనన్నా, తోడు వచ్చిన కుర్రవాడు ఏం కాదన్నా ఉద్యానవనం లోపల అది చెల్లదు. పెరటి చెట్టు పండు కానుకగా ఇచ్చినది వేరు, దాని గురించి మీరు దిగులు పడనక్కరలేదు. మెమాంగ్ నారాంగ్‌కు మేఘాలయ పేర భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఖాసీ కమలాకు వచ్చినట్టే. అంటే మన బందరు లడ్డూ లాగా, ఆ పేరు ఆ నేలకు కట్టుబడి ఉంటుంది.

మరి అక్కడ ఉండి మీరు చేయగలిగింది ఏమిటి? చాలా ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మీకు పండ్లు ఇచ్చిన పెద్దావిడ ఊళ్ళో ఇలాంటి చెట్లు ఎన్ని ఉన్నాయో, ఎవరి పెరట్లో ఉన్నాయో ఆవిడనే అడగండి. ఆవిడ తోడుగా ఒకసారి వెళ్ళి రండి. పండును ఏయే పనికి ఎలా వాడేవారో, రసమా, తొక్కా, ఎండబెట్టినదా, ఎవరు పెట్టాలి, ఎవరు ముట్టుకోకూడదు లాంటి వివరాలు వారు ఇష్టపడి చెబితే వారి భాషలోనే, వారి పిల్లల చేతనే రాయించండి. మీ పేరు మీద కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ప్రాంతానికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి, స్థానిక కమిటీ దాన్ని నిర్వహించాలి. ఆ ఊరి వివరాలు ఆ రిజిస్టరులో ఉన్నాయా అని అడగండి, లేకపోతే చేర్పించడానికి మీ ఆఫీసు అనుభవం పనికొస్తుంది. దరఖాస్తు రాయడం, పదిసార్లు తిరగడం మనలాంటి ఉద్యోగులకు వచ్చిన విద్యే కదా. ఇంకా, చెట్టు ఉన్న ఇంటివారి నుంచి పండ్లు, మొలకలు డబ్బిచ్చి కొనండి. పెరటి చెట్టుకు పాత కారణం పోయినప్పుడు కొత్త కారణం ఒకటి కావాలి, పచ్చడి సీసా ధర కూడా ఒక కారణమే.

ఊళ్ళో గట్టున ఏదో ఒకటి నాటాలన్న మీ కోరిక మంచిదే. దానికి మన నేల మీదివే ఉన్నాయి. శేషాచలం కొండల్లో, తూర్పు కనుమల్లో పెరిగే అడవినిమ్మ సిట్రస్‌కు దగ్గరి చుట్టం, ఎండకు తట్టుకుంటుంది. దాని కాయల నుంచి తీసిన నూనెను కీళ్ళనొప్పులకు రాయడం పాత వాడుక. తొర్రెలగ, వెలగ, మారేడు కూడా నిమ్మ కుటుంబానివే. ఇంటి దగ్గర నీళ్ళు ఉంటే మాదీఫలం వేసుకోండి. ఆయుర్వేదం మాతులుంగమని పిలిచేది దాన్నే, కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలో ఉన్న ఫలం అదే, వేవిళ్ళ వాంతులకు మాదీఫల రసాయనం వాడిన ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. అది నిజమైన మూలజాతి, ముందు చెప్పిన మూడింటిలో ఒకటి, అయినా మన పల్లెల్లో ఇప్పుడు చెట్టు చూపించమంటే చూపించేవారు తక్కువ. మొక్క ఎక్కడ దొరుకుతుందో తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన కేంద్రంలో అడగండి. ఏది నాటినా చీనీ తోటను ఆనుకుని మాత్రం నాటవద్దు, ఇంటి వైపు నాటండి. సిల్లా పురుగు నిమ్మ కుటుంబపు లేత చిగురు ఎక్కడ కనిపిస్తే అక్కడ వాలుతుంది, కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. చీనీ గట్టున కరివేపాకు వరసగా వేసుకున్న తోటలు చూసినప్పుడల్లా నాకు చెప్పాలనిపిస్తుంది, ఇవాళ చెప్పేశాను.

చివరగా పేపరు మీద ఆరబెట్టిన గింజల సంగతి. నిమ్మజాతి గింజను వడ్ల గింజలాగా, కందుల్లాగా ఎండబెట్టి దాచలేం. తడి బాగా తగ్గిపోతే అది చచ్చిపోతుంది. అందుకే వీటిని మామూలు విత్తనబ్యాంకులో పెట్టడం కుదరక, ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో భద్రపరిచే పద్ధతుల మీద పనిచేసింది. మీరు ఆరబెట్టినవి నాలుగు రోజులు దాటి ఉంటే ముడుచుకుపోయిన వాటి మీద ఆశ వదులుకోండి. నున్నగా, బరువుగా ఉన్నవి ఏమైనా ఉంటే ఇవాళే విత్తండి. మిగిలిన పండ్లు కోసి, తాజా గింజలు తీసి, జిగురు పోయేలా బూడిదతో రుద్ది కడగండి. మట్టి, ఇసుక, బాగా చివికిన ఎరువు సమానంగా కలిపిన కుండీలో వేలి మొదటి కణుపులో సగం లోతున, రెండు అంగుళాల దూరంతో పెట్టి, నీళ్ళు చిలకరించి, నీడలో ఉంచండి. మూడు నాలుగు వారాల్లో మొలక కనిపిస్తుంది. నాలుగైదు ఆకులు వచ్చాక ఒక్కొక్కటి వేరే సంచిలోకి మార్చండి. కుండీని మీ గుమ్మం పక్కన కాకుండా ఆ పెద్దావిడ గుమ్మం పక్కనే పెట్టించండి, ఒక మొలక చచ్చినా, ముళ్ళు రావడం మొదలైనా ముందు ఆవిడకే తెలియాలి. మీకు మళ్ళీ బదిలీ అయ్యేలోగా అవి మోకాలి ఎత్తు దాటితే, ఆవిడ ఊరికి తిరిగి వెళ్ళవలసినవి అవే.